వరద కాపలాకు పాలకవర్గము: నేత కుటుంబములకు ఒక పాఠము

ఇంటిలోకి నీరు వచ్చినప్పుడు మొట్టమొదట అది చేరేది మగ్గము గుంటలోకి. గడప దాటిన నీరు గచ్చు మీద పరచుకొనక ముందే గుంట నిండుతుంది. తొక్కుడు కర్రలు నానుతవి. పడుగు తడిసి, గంజి కరిగి, పోగులు ఒకదానికొకటి అంటుకొంటవి. రంగు గట్టిగా పట్టని నూలైతే ఎరుపు తెలుపులోకి దిగుతుంది. జాకార్డు అట్టలు ఉబ్బి వంకర పోతవి. ఇల్లు నాలుగు దినములలో ఆరవచ్చును గాని, గుంట ఆరుటకు వారములు పడుతుంది. ఆ వారములలో నేత లేదు. నేత లేనిచోట కూలి లేదు.

ఈ నష్టములో చాల భాగము, కొన్ని గంటల ముందు తెలిసినచో తప్పిపోయేదే. మగ్గము మీది పడుగును ఊడదీసి చుట్టుటకు, చిలపలను, జరీని, అట్టలను అటక కెక్కించుటకు ఇంటిల్లిపాదీ పూనుకొంటే ఎంతో సేపు పట్టదు. ఆ కొద్ది గంటలు మనకు ఇవ్వవలసినవారెవరు? ఆనకట్ట గేటు ఎప్పుడు ఎత్తవలెనో, ఏ పల్లెకు ముందు చెప్పవలెనో నిర్ణయించే పెద్దలెవరు? ఈ పాఠములో దానిని తెలిసికొందము.

1. వాన మనది, వరద తీరమువారిది

హోసూరు, కృష్ణగిరి వాసులకు సముద్రము దూరపు మాట. హోసూరు సముద్రమట్టమునకు 2,800 అడుగులకు పైన ఉన్నది. అయినను ఈ ప్రాంతపు వాననీటిలో చాల భాగము చివరకు చేరేది కడలూరు సముద్రమునకే.

కర్ణాటకలోని నందికొండలలో రెండు పినాకినులు పుట్టినవి. ఉత్తర పినాకిని, అనగా మన పెన్న, అనంతపురము, కడప సీమల మీదుగా పోయి నెల్లూరు తీరమున సముద్రములో కలుస్తుంది. దక్షిణ పినాకిని బెంగుళూరు తూర్పు పక్కగా దిగి హోసూరు దగ్గర తమిళనాడులో ప్రవేశిస్తుంది. ఇక్కడ దాని పేరు తెన్‌పెణ్ణై. హోసూరు చెంత కెలవరపల్లి ఆనకట్ట, కృష్ణగిరి చెంత కె.ఆర్.పి. ఆనకట్ట, ఆ దిగువను తిరువణ్ణామలై జిల్లాలో సాత్తనూరు ఆనకట్ట దీనిపై ఉన్నవి. కె.ఆర్.పి., సాత్తనూరు ఆనకట్టలు రెండును కామరాజు ముఖ్యమంత్రిగా ఉన్న 1950లలో కట్టినవి. సాత్తనూరు దాటిన నీరు విళుప్పురము జిల్లా మీదుగా కడలూరు దగ్గర సముద్రములో పడుతుంది.

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరము దాటినది. దాటిన తరువాత తుపాను బలము తగ్గినది గాని వాన తగ్గలేదు. మేఘము మెల్లగా లోపలికి జరిగి మన జిల్లా మీద కురిసినది. డిసెంబరు 2 ఉదయమునకు ముగిసిన 24 గంటలలో ఊత్తంగరలో సుమారు 50 సెంటీమీటర్ల వాన పడినది. అనగా ఒక్క దినములో మోకాలు లోతు నీరు. అక్కడి చెరువు పొంగి, రోడ్డు పక్కన నిలిపిన వాహనములు కొట్టుకొని పోయినవి. ఆ నీరంతా పాంబారు వాగు ద్వారా తెన్‌పెణ్ణైలోకి, అక్కడినుండి సాత్తనూరుకు చేరినది.

డిసెంబరు 2 తెల్లవారక ముందే సాత్తనూరు నుండి సెకనుకు 1 లక్ష 68 వేల ఘనపుటడుగుల నీరు వదలినారు. ఒక ఘనపుటడుగు సుమారు 28 లీటర్లు. అనగా ఒక్క సెకనులో 47 లక్షల లీటర్లకు పైగా. విళుప్పురము, కడలూరు జిల్లాలలో నది ఒడ్డు పల్లెలు మునిగినవి. ఐదు మార్లు హెచ్చరికలు పంపిన తరువాతనే నీరు వదలినామని ప్రభుత్వము చెప్పినది. ముందు చెప్పకయే అర్ధరాత్రి వదలినారని ప్రతిపక్షములు ఆరోపించినవి. ఆ వాదము అటుంచి మనము గ్రహించవలసిన దొకటి కలదు. హెచ్చరిక పంపుట ఒక పని. అది పడుకొన్న మనిషి చెవిన పడుట మరొక పని. ఈ రెండింటి మధ్య దారి వేయుటయే వరద కాపలా పాలకవర్గము యొక్క ముఖ్య కర్తవ్యము.

2. పాలకవర్గము అనగా నేమి?

ఇది మనకు కొత్త మాట కాదు. నేత సహకార సంఘమునకు పాలకవర్గము ఉంటుంది. నూలు ఎక్కడ కొనవలెను, ఏ రకము నేయించవలెను, సొమ్ము దేనికి వాడవలెను అని అది నిర్ణయిస్తుంది. కార్యదర్శి, గుమాస్తాలు ఆ నిర్ణయములను నడుపుతారు. పాలకవర్గములో నేత తెలిసినవారు లేకపోతే పనికిరాని నూలు వస్తుంది. లెక్క తెలిసినవారు లేకపోతే సంఘము అప్పులపాలవుతుంది. సభ్యులు అడుగుట మానివేస్తే పాలకవర్గము తన మేలు తాను చూచుకొంటుంది.

వరద కాపలా సంస్థకును ఇదే నీతి. దాని పాలకవర్గమును మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చును. మొదటిది: అందులో పని తెలిసినవారున్నారా? రెండవది: నీరు వచ్చే దారి అంతయు దాని చేతిలో ఉన్నదా? మూడవది: మునిగేవారి మాట అక్కడ వినబడుతున్నదా? ఈ మూడు ప్రశ్నలను చేతపట్టుకొని మొదట దూరదేశపు ఉదాహరణము నొకదానిని, తరువాత మన తెలుగు సీమలోని దానిని, చివరకు మన జిల్లాను చూతము.

3. న్యూ ఆర్లియన్సు నేర్చిన పాఠము

అమెరికాలో లూసియానా రాష్ట్రమున న్యూ ఆర్లియన్సు అను నగరము కలదు. నగరములో చాల భాగము సముద్రమట్టము కన్న పల్లము. చుట్టును కట్టలు, గోడలు కట్టి నీటిని వెలుపల ఆపుతారు. 2005 ఆగస్టు 29న కత్రినా తుపానులో ఆ కట్టలు, కాలువ గోడలు పలుచోట్ల తెగి, నగరములో సుమారు 80 పాళ్ళు మునిగినది. తుపాను పాలైనవారు 1,300కు పైగా.

కట్టలను రూపొందించినది కేంద్ర సైన్యపు ఇంజనీరింగు శాఖ. గోడల రూపకల్పనలో లోపమున్నదని ఆ శాఖయే 2006లో ఒప్పుకొన్నది. కాని కట్టలను చూచుకొనే భారము స్థానిక కట్టల మండళ్ళది. ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్క మండలి. వరదకు సరిహద్దులు లేవు గాని మండళ్ళకు సరిహద్దులుండెను. పైగా నగరపు మండలి చేతిలో విమానాశ్రయము, పడవల రేవులు వంటి వ్యాపారములు కూడ ఉండుటచే, దాని దృష్టి కట్టల మీదనే నిలువలేదని విమర్శ వచ్చినది.

2006 సెప్టెంబరు 30న ప్రజల ఓటుతో రాజ్యాంగమును సవరించి, పాత మండళ్ళను కలిపి, మిసిసిపీ నదికి తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ప్రాంతీయ సంస్థలను ఏర్పరచినారు. తూర్పు సంస్థ పాలకవర్గములో తొమ్మండుగురు. ఐదుగురు ఇంజనీర్లు లేక నేల, నీరు మొదలగు శాస్త్రములు తెలిసినవారు. ఇద్దరు ఇతర వృత్తుల నిపుణులు. ఇద్దరు ఎవరైనను కావచ్చును. విశ్వవిద్యాలయములు, ఇంజనీర్ల సంఘములు మొదలగు వాని ప్రతినిధులతో కూడిన ఎంపిక సంఘము పేర్లను సూచిస్తుంది. గవర్నరు వారిలోనుండి నియమిస్తారు. శాసనసభ పై సభ ఆమోదించవలెను. సరిగా పదునారేండ్లకు, 2021 ఆగస్టు 29న, ఐడా అను మరొక పెద్ద తుపాను వచ్చినది. కొత్తగా కట్టిన కట్టలు నిలిచినవి.

దీనివలన అంతయు చక్కబడినదని తలపరాదు. 2013 జూలైలో ఆ తూర్పు పాలకవర్గము 97 చమురు, వాయువు కంపెనీలపై దావా వేసినది. కంపెనీలు త్రవ్విన కాలువలవలన తీరపు చిత్తడి నేలలు కరిగిపోతున్నవని, ఆ నేలలే తుపాను పోటును మొదట ఆపేవి గనుక కట్టల భారము పెరుగుతున్నదని వాదన. అప్పటి గవర్నరు ఎదిరించినాడు. దావాను సమర్థించిన కొందరు సభ్యుల పదవులు కొనసాగలేదు. న్యాయస్థానములు దావాను కొట్టివేసినవి. 2017లో ఆ దేశపు సుప్రీంకోర్టు కూడ వినుటకు ఒప్పుకొనలేదు. కావున పని తెలిసినవారు కూర్చుంటే మాత్రము చాలదు. వారు చెప్పిన చేదు మాటను పెద్దలు సహించవలెను.

4. చెయ్యేరు నేర్పిన పాఠము

ఇక పెన్న వైపు చూతము. కడప సీమలో పెన్నకు ఉపనది చెయ్యేరు. రాజంపేట దగ్గర దానిపై అన్నమయ్య ప్రాజెక్టు ఉండెను. 2021 నవంబరులో ఎడతెగని వానలు కురిసినవి. పైనున్న పింఛా ప్రాజెక్టు కట్ట తెగి ఆ నీరు కూడ తోడైనది. అన్నమయ్య ప్రాజెక్టు గేట్లలో ఒకటి పనిచేయుట లేదు. నవంబరు 19 తెల్లవారుజామున మట్టికట్ట తెగి, పులపతూరు, మందపల్లి మొదలగు దిగువ పల్లెలపై నీరు పడినది. అనేకులు ప్రాణములు కోల్పోయినారు. ఇదియు నిద్రవేళనే జరిగినది.

మన కె.ఆర్.పి. ఆనకట్టలోను 2017 నవంబరులో ఎనిమిది గేట్లలో మొదటిది దెబ్బతిని నీరు పోయినది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్టలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొని పోయినది. తుంగభద్ర ఆనకట్టకు 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టము కింద ఏర్పడిన బోర్డు కలదు. అందులో కేంద్రము నియమించిన అధ్యక్షులు, కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల సభ్యులు కలసి కూర్చుంటారు. ఒక నది నీటికొరకు వేరువేరు రాష్ట్రములు ఒక బల్ల వద్ద కూర్చొనగలవనుటకు అది మంచి ఉదాహరణము. కాని ఎంత పెద్ద బోర్డైనను గొలుసుకు పట్టిన తుప్పును చూచే మనిషి లేకపోతే ప్రయోజనము లేదు. పన్నెలో ఒక్క పుల్ల వంగితే గుడ్డ నిలువునా గీత పడుట మనకు తెలియనిది కాదు.

5. మన జిల్లాలో పెద్దలెవరు?

మన దేశములో తీర వరద కాపలాకని ప్రత్యేక ప్రాంతీయ పాలకవర్గము ఈ నదికి లేదు. ఆ పని 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము కింద ఏర్పడిన సంస్థలది. దేశమునకు ఒకటి, దానికి ప్రధానమంత్రి అధ్యక్షులు. రాష్ట్రమునకు ఒకటి, దానికి ముఖ్యమంత్రి అధ్యక్షులు. జిల్లాకు ఒకటి, దానికి కలెక్టరు అధ్యక్షులు. కృష్ణగిరి 2004లో ధర్మపురి నుండి విడివడి జిల్లా అయినది గనుక మనకు మన సంస్థయే కలదు.

జిల్లా సంస్థలో అధ్యక్షులు గాక ఇతర సభ్యులు ఏడుగురికి మించరాదు. కలెక్టరు అధ్యక్షులు. స్థానిక సంస్థల ప్రజాప్రతినిధి సహాధ్యక్షులు. కార్యనిర్వహణాధికారి, పోలీసు సూపరింటెండెంటు, జిల్లా ప్రధాన వైద్యాధికారి సభ్యులు. వీరుగాక ప్రభుత్వము నియమించిన జిల్లా స్థాయి అధికారులు ఇద్దరి వరకు ఉండవచ్చును. ప్రజలెన్నుకొన్న మనిషి ఒక్కరే, తక్కినవారందరు అధికారులు. నేతవారికి గాని, రైతులకు గాని, జాలరులకు గాని ప్రత్యేక స్థానము లేదు.

అయితే తలుపు పూర్తిగా మూయలేదు. చట్టములో 28వ సెక్షను ప్రకారము జిల్లా సంస్థ తనకు అవసరమని తోచినప్పుడు సలహా సంఘములను ఏర్పరచవచ్చును. 31వ సెక్షను ప్రకారము ప్రతి జిల్లాకు విపత్తు ప్రణాళిక ఉండవలెను, స్థానిక సంస్థలను సంప్రదించి దానిని తయారుచేయవలెను, ఏటేటా సరిచూడవలెను. ఏ ప్రదేశములు మునుగుతవో అందులో వ్రాయవలెను. మన నేత వీధి ఆ పట్టికలో లేకపోతే, అధికారి దృష్టిలో ఆ వీధికి వరద రాదన్నట్లే.

హోసూరువారికి మరొక మాట. 2025లో ఈ చట్టమును సవరించి, నగరపాలక సంస్థ ఉన్న నగరములకు వేరుగా నగర విపత్తు సంస్థను ఏర్పరచుటకు రాష్ట్ర ప్రభుత్వమునకు అధికారమిచ్చినారు. హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయినది. కావున అట్టి సంస్థను కోరుటకు హోసూరు పౌరులకు ఆధారము కలదు.

ఆనకట్టలకు వేరే చట్టము ఉన్నది. 2021 డిసెంబరు 30 నుండి అమలులోకి వచ్చిన ఆనకట్టల భద్రత చట్టము ప్రకారము, పెద్ద ఆనకట్టలన్నిటికిని వాని యజమాని శాఖ ఐదేండ్లలోగా అత్యవసర ప్రణాళిక సిద్ధపరచవలెను. కట్టకు ఆపద వస్తే నీరు ఎంతవరకు పరచుకొనును, ఎవరికి ఏ విధముగా హెచ్చరిక చెప్పవలెను అనునవి అందులో ఉండవలెను.

ఇక మన మూడు ప్రశ్నలు. పని తెలిసినవారు అధికార వర్గములో కలరు. నీటి దారి మాత్రము ఒకరి చేతిలో లేదు. పుట్టుక కర్ణాటకలో, వాన కృష్ణగిరిలో, గేటు తిరువణ్ణామలైలో, మునక కడలూరులో. జిల్లా సంస్థ అధికారము జిల్లా హద్దుతో ఆగుతుంది. మునిగేవారి మాట వినుటకు 28వ సెక్షను దారి చూపుతున్నది గాని, ఆ దారిన నడువవలసినది మనము.

6. నేత కుటుంబము చేయదగిన పనులు

మొదటిది: సంఘము తరపున కలెక్టరుకు వినతిపత్రము పెట్టవలెను. నేత వీధుల పేర్లు, గుంట మగ్గముల సంఖ్య, గతములో నీరు వచ్చిన సంవత్సరములు, ఎంత ఎత్తు వచ్చినదో వ్రాయవలెను. జిల్లా ప్రణాళికలో వానిని చేర్చమని, సలహా సంఘములో నేతవారికి ఒక చోటు ఇమ్మని కోరవలెను. మాటతో పోయి మాటతో రావద్దు; అందినట్లు రసీదు తీసికొనవలెను.

రెండవది: హెచ్చరిక ఇంటి దాక వచ్చే ఏర్పాటు మన వీధిలో మనమే చేసికొనవలెను. వాన రాత్రులలో మేలుకొనుటకు వంతులు వేసికొనవలెను. జిల్లా విపత్తు కార్యాలయపు ఫోను సంఖ్య 1077, రాష్ట్ర కార్యాలయపు సంఖ్య 1070. వీనిని మగ్గము పక్క గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసి ఉంచవలెను. ఇంటిలో కండెలు చుట్టే ఆడవారికి, పిల్లలకు కూడ ఇవి తెలియవలెను. మగవారు సంతకు పోయిన దినముననే నీరు రావచ్చును.

మూడవది: లెక్క. వరద సహాయమునకు కేంద్రము 2022–23 నుండి 2025–26 వరకు వర్తించునట్లు నిర్ణయించిన కొలతలలో, పాడైన పనిముట్లకు ఒక చేతిపనివానికి 5,000 రూపాయలు, పోయిన ముడిసరుకు, సగము నేసిన సరుకు, తయారైన సరుకులకు మరి 5,000 రూపాయలు అని ఉన్నది. ఒక పట్టు పడుగు వెలకు ఇది ఏపాటి? అయినను ఈ కొద్ది సొమ్ము కూడ నష్టమును అధికారి ధ్రువపరచినగాని రాదు. ఆ తరువాతి కాలమునకు ఎంత నిర్ణయించినారో కలెక్టరు కార్యాలయములో అడిగి తెలిసికొనవలెను. నేత గుర్తింపు కార్డు, నూలు కొనిన చీటీలు, మగ్గము ఫొటో ఒక నీరు చొరని సంచిలో పెట్టి అటక మీద ఉంచవలెను. తడిసిన పడుగును పారవేయక ముందు ఫొటో తీయవలెను. షావుకారు నూలుతో నేసేవారు ఆ నూలు ఎవరిదో, తడిసితే నష్టమెవరిదో ముందే చీటీ వ్రాసికొనుట మంచిది. వరద తరువాత ఈ తగవు పెట్టుకొంటే పేదవాడే ఓడిపోతాడు.

నాలుగవది: దిగువవారిని మరువరాదు. విళుప్పురము, కడలూరు సీమలలోను మగ్గములున్నవి. మన దగ్గర రాత్రియంతా వాన కొట్టితే ఆ నీరు వారి గుంటలకు చేరుటకు ఎంతో కాలము పట్టదు. నది పొడవునా ఉన్న నేత సంఘములు ఒకరి ఫోను సంఖ్య లొకరు ఉంచుకొని, పైవారు కిందివారికి చెప్పుట ప్రారంభిస్తే, చట్టము ఇంకను ఏర్పరచని నది మండలికి అదే మొదటి పోగు.

ఇంటిలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఇంటి నీరు ఏ చెరువుకు, ఆ చెరువు పొంగితే ఏ వాగుకు పోతుంది?
2. జిల్లా విపత్తు సంస్థలో సభ్యులు ఎందరు? అందులో ప్రజలు ఎన్నుకొన్నవారెందరు?
3. పాత కట్టల మండళ్ళను న్యూ ఆర్లియన్సువారు ఎందుకు కలిపినారు?
4. అర్ధరాత్రి హెచ్చరిక వస్తే మన ఇంటిలో మొదట దేనిని అటక కెక్కించవలెను? ఎవరు ఎక్కిస్తారు?
5. మన వీధి పేరు జిల్లా ప్రణాళికలో ఉన్నదా? లేకపోతే ఎవరు, ఎప్పుడు పోయి అడుగుతారు?

ఐదవ ప్రశ్నకు జవాబు ఈ కాగితములో దొరకదు. వచ్చే సంఘ సమావేశములో ఇద్దరి పేర్లు నిర్ణయించి, ఈశాన్య ఋతుపవనము రాకముందే వారిని కృష్ణగిరి పంపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.